గృహ ధ్వనిముద్రణ సాధనములు — ఒక విమర్శ

పాటను ముద్రించుటకు ఒకప్పుడు ప్రత్యేకముగా కట్టిన భవనము, అందులో పనిచేయు ఇంజనీరు, గంటల లెక్కన చెల్లించు అద్దె కావలసియుండెను. నేడు ఒక ల్యాప్‌టాపు, అరచేతి వెడల్పు ఇంటర్‌ఫేసు పెట్టె, ఒక మైక్రోఫోను, హెడ్‌ఫోనులు ఉన్నచో ఏ విద్యార్థియైనను తన గదిలో కూర్చుండి పాటను ముద్రించి, దానికి వాద్యములు చేర్చి, లోకమునకు వినిపింపవచ్చును. ఈ మార్పు ఒక్కనాటితో వచ్చినది కాదు. 1979 లో జపాను దేశపు టియాక్ సంస్థ మామూలు క్యాసెట్టు టేపుపై నాలుగు వరుసలుగా ధ్వనిని ముద్రింపగల పోర్టాస్టూడియో అను యంత్రమును వెలువరించినది. అమెరికా గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1982 నాటి తన ‘నెబ్రాస్కా’ పాటల సంపుటమును అట్టి యంత్రముతోనే ఇంటిలో ముద్రించెను. 2020 జనవరిలో గ్రామీ బహుమానములలో ఉత్తమ సంపుటముగా ఎన్నికైన బిల్లీ ఐలిష్ పాటలు ప్రధానముగా ఆమె అన్నగారి పడకగదిలో తయారైనవి. కావున ఇంటిలో మంచి ముద్రణ సాధ్యమా యను ప్రశ్నకు జవాబు ఎప్పుడో వచ్చినది. అడుగవలసిన ప్రశ్న వేరొకటి కలదు.

ఈ సాధనములు రెండు పనులు చేయును. ఉన్న ధ్వనిని ఉన్నట్లు పట్టుకొనుట మొదటిది. లేని ధ్వనిని పుట్టించుట, ఉన్నదానిని దిద్దుట రెండవది. రెండును ఒకే తెరపై జరుగుచుండుటచేత ఒకదాని మంచిపేరు రెండవదానికి కూడ అంటుకొనుచున్నది. మొదటి పనిలో ఇవి నిజాయితీ గలవి. ఏ దేశపు సంగీతమైనను, కాకి అరుపైనను వీటికి ఒక్కటే. రెండవ పనిలో అట్లు కాదు. విచిత్రమేమనగా, అమ్మకందారుల గొప్పలన్నియు మొదటి పనిని గూర్చియే. రెండవదానిని గూర్చి వారు మాటాడరు.

మైక్రోఫోను ముందు పాడినపుడు గాలిలోని ఒత్తిడి మార్పులు ఒక పలుచని పొరను కదలించును. ఆ కదలిక వోల్టేజిగా మారును. ఇంతవరకు పాత పద్ధతియే. ఇంటర్‌ఫేసు పెట్టెలో జరుగునది క్రొత్త పని. ఎడతెగక మారుచుండు ఆ వోల్టేజిని అది సెకనుకు కొన్ని వేలసార్లు కొలిచి, ప్రతి కొలతను ఒక అంకెగా వ్రాసికొనును. బస్తాలోనుండి ధాన్యపు మచ్చు తీసినట్లు తరంగమునుండి మచ్చులు తీయుటయన్నమాట. 1982 లో వచ్చిన కాంపాక్టు డిస్కులో సెకనుకు 44,100 మచ్చులు. ఒక్కొక్క మచ్చు 16 బిట్ల సంఖ్య, అనగా 65,536 విలువలలో ఏదో ఒకటి. నేడు ఇంటి సాధనములు సైతము సెకనుకు 1,92,000 మచ్చులు, మచ్చునకు 24 బిట్లు అని తమ అట్టపెట్టెలపై పెద్ద అక్షరములతో అచ్చువేసికొనుచున్నవి.

ఈ సంఖ్యలను సమర్థించుటకు ఒక బొమ్మను చూపుదురు. నున్నని తరంగమొకటి, దానిప్రక్క మెట్లు మెట్లుగా విరిగిన తరంగమొకటి. మచ్చులు పెరిగినకొలది మెట్లు చిన్నవై తరంగము నునుపెక్కునని దాని భావము. చూచుటకు నమ్మదగినట్లున్నను ఆ బొమ్మ తప్పు. నైక్విస్ట్ 1928 లోను, షానన్ 1949 లోను స్పష్టపరచిన సూత్రము ప్రకారము, ధ్వనిలోని అత్యధిక పౌనఃపున్యమునకు రెట్టింపుకంటె ఎక్కువసార్లు మచ్చులు తీసినచో వాటినుండి మొదటి తరంగమును పూర్తిగా తిరిగి పొందవచ్చును. సుమారుగా కాదు, పూర్తిగానే. వృత్తమును నిర్ణయించుటకు దానిపై మూడు బిందువులు చాలునని పదవతరగతి విద్యార్థికి తెలియును. నాలుగవ బిందువునిచ్చినంతమాత్రమున ఆ వృత్తము మరింత గుండ్రనగునా? మానవుని చెవి వినగలిగినది సెకనుకు 20,000 కంపనములవరకు. నడివయస్సు దాటినవారికి అంతయు వినబడదు. 44,100 మచ్చులతో 22,050 కంపనములకు లోబడిన ధ్వనులన్నియు చిక్కును. గబ్బిలముల అరుపులను ముద్రింపదలచినవారికి మాత్రము 1,92,000 అక్కరకు వచ్చును, వారి మైక్రోఫోను అంత పౌనఃపున్యమును అందుకొనగలిగినచో.

ఇది సూత్రమునకే పరిమితమైన మాట కాదు. మేయర్, మోరన్ అను ఇరువురు అమెరికనులు 2007 లో ప్రకటించిన పరీక్షలో, ఎక్కువ మచ్చుల ముద్రణను నేరుగా ఒకసారియు, కాంపాక్టు డిస్కు స్థాయికి దించి ఒకసారియు శ్రోతలకు వినిపించిరి. ఏది ఏదో వారికి తెలియనీయలేదు. 554 ప్రయత్నములలో సరియైన జవాబులు సగమునకు ఒకటి తక్కువ. నాణెమును ఎగురవేసినను అంతే వచ్చును. 2016 లో రైస్ అను పరిశోధకుడు ఇట్టి 18 పరీక్షలను కలిపి లెక్కించగా నూటికి 52 పైచిలుకు సరియైన జవాబులు తేలినవి. శిక్షణ పొందిన శ్రోతలలో ఇది కొంత హెచ్చు. భేదము బొత్తిగా లేదని అనరాదేమో గాని, దానికై చెల్లించు మూల్యము మాత్రము స్పష్టము. రెండు మార్గములతో 44,100 మచ్చులు, 16 బిట్ల ముద్రణ నిమిషమునకు సుమారు 1 కోటి 6 లక్షల బైట్లు ఆక్రమించును. 1,92,000 మచ్చులు, 24 బిట్లయినచో సుమారు 6 కోట్ల 91 లక్షలు. ఈ లెక్కను విద్యార్థులచేత చేయించుట మంచిది. గుణకారముకంటె మించిన గణితము ఇందులో లేదు.

బిట్ల సంగతి వేరు. 16 బిట్లతో అతి మెల్లని ధ్వనికిని అతి పెద్ద ధ్వనికిని నడుమ సుమారు 96 డెసిబెళ్ల అంతరము లభించును, 24 బిట్లతో 144. పరికరములోని విద్యుద్వలయముల స్వంత రొదవలన వాస్తవముగా దక్కునది 120 ప్రాంతముననే నిలిచిపోవుచున్నది. ఐనను ముద్రించు సమయమున 24 బిట్లు మేలే. గాయకుడు హఠాత్తుగా గొంతెత్తినపుడు తరంగపు శిఖరము తెగిపోకుండునట్లు ముందుగానే మట్టము తగ్గించి ఉంచుకొనవచ్చును. పెట్టెపై అచ్చయిన రెండు సంఖ్యలలో ప్రయోజనకరమైనది ఇదియే.

ఇంతకును ఇంటి ముద్రణను చెరచునది సంఖ్యలు కాదు, గది. మన ఇండ్లలో సిమెంటు గోడలు, నున్నని బండల నేల, పైన తిరుగు ఫ్యాను. 10 అడుగుల ఎడముగల రెండు ఎదురెదురు గోడల మధ్య స్థిర తరంగము ఏర్పడి సుమారు 57 కంపనములవద్దను, దాని గుణిజములైన 114, 171 మొదలగువాటివద్దను గది అనునాదము చేయును. 114 పురుషుని కంఠస్వరమునకు అందుబాటులోనిదే. అందువలన ఒక స్వరము అకారణముగా ఉబ్బును, దానిప్రక్కది క్షీణించును. గాయకుడు తన గొంతును నిందించుకొనును. తరువాత మరింత ఖరీదైన మైక్రోఫోనును కొనును. అది గది ప్రతిధ్వనిని మరింత విశ్వాసముతో పట్టి ఇచ్చును! మైక్రోఫోనును జానెడు దూరమునుండి రెండు మూరల దూరమునకు జరిపినచో దూరము నాలుగింతలై, నోటినుండి నేరుగా వచ్చు ధ్వని తీవ్రత పదునారవ వంతగును. గోడలనుండి తిరిగివచ్చు ధ్వని మాత్రము ఇంచుమించు అంతే ఉండును. మైక్రోఫోనును దగ్గరగా ఉంచి, ఫ్యానును ఆపి, వెనుక రెండు బొంతలు వ్రేలాడదీసినచో పెట్టెమీది ఏ సంఖ్యయు ఇయ్యలేని మేలు కలుగును. మందపు బొంతలైనను లోతైన స్వరముల అనునాదమును ఆపజాలవు గాని, గోడల గలగల చాలవరకు అణగును.

ఇక రెండవ పని. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన వాద్యపరికరముల ప్రదర్శనలో రెండు వేర్వేరు సంస్థల కీబోర్డులను తీగతో కలిపి, ఒకదానిని వాయించినచో రెండవది పలుకునట్లు చేసి చూపిరి. డేవ్ స్మిత్ అను అమెరికను, ఇకుటారో కకెహషి అను జపానీయుడు ముందునిలిచి సాధించిన ఈ ఒడంబడికకు మిడి అని పేరు. మిడి ధ్వనిని మోయదు, ఆజ్ఞలను మోయును. ఏ మెట్టును నొక్కిరి, ఎంత వేగముగా నొక్కిరి, ఎప్పుడు వదలిరి అనునవే ఆ ఆజ్ఞలు. 0 నుండి 127 వరకు 128 మెట్లకు సంఖ్యలు కలవు. 69వ మెట్టు సామాన్యముగా 440 కంపనముల స్వరము. పోటీపడు సంస్థలు ఏకమై ఒక ఒడంబడికను రూపొందించి, దానిని ఎవరైనను వాడుకొనునట్లు విడిచిపెట్టుట వ్యాపారలోకమున అరుదు. నలుబది యేండ్లు దాటినను అది చెక్కుచెదరక నిలుచుట దాని నిర్మాతల ప్రతిభకు తార్కాణము.

ఐనను ఆ భాష కీబోర్డు వాయించువాని భాష. సంగీతమనగా మెట్లు నొక్కుట, వదలుట అని అది ముందే నిశ్చయించుకొన్నది. కంప్యూటరులో సంగీత రచనకైన సాఫ్ట్‌వేరును దేనిని తెరచినను తెర ఎడమ అంచున నల్లని, తెల్లని మెట్ల బొమ్మ నిలిచియుండును. గొంతు, వయొలిను, నాదస్వరము మెట్లు నొక్కవు. వాటి సంగీతము స్వరమునకును స్వరమునకును నడుమ నడచు దారిలో ఉన్నది. మిడిలో స్వరమును వంచుటకు ఒక ఆజ్ఞ లేకపోలేదు. దానికి 16,384 విలువలు కలవు. మామూలుగా అవి పైకి రెండు, క్రిందికి రెండు స్వరస్థానముల మేరకు పరచుకొనును. ఇంత సూక్ష్మతను ఏ చెవియు కోరదు. కావున కొరత సంఖ్యలలో లేదు. ఒక మార్గములో పలుకుచున్న స్వరములన్నియు ఒక్కమారే వంగుటయు, వంచుటకు చేతిక్రింద ఉన్నది ఒక చిన్న చక్రము మాత్రమే యగుటయు కొరత. దీనిని నిర్మాతలే గుర్తించి 2018 లోను, 2020 లో వెలువడిన రెండవ మిడిలోను ఒక్కొక్క స్వరమునకు వేరువేరుగా వంపునిచ్చు ఏర్పాటును కల్పించిరి. కాని చౌకగా దొరకు కీబోర్డులకును, ఫోనులలోని ఆటవంటి సాధనములకును ఆ ఏర్పాటు చాలవరకు ఇంకను చేరలేదు. పిల్లలచేతికి ముందుగా వచ్చునవి అవియే.

ఇక్కడ ఒక ఆక్షేపణకు తావు కలదు. బొబ్బిలిలో పనసకర్రతో చేయు వీణకు కూడ 24 మెట్లే గదా, స్థాయికి పన్నెండు చొప్పున? మెట్లున్నంతమాత్రమున దోషమా? కాదు. వీణలో మెట్టు తీగకు ఒక ఆనిక. వైణికుడు అదే మెట్టుపై తీగను ప్రక్కకు లాగి పైస్వరములను పలికించును. పాలకొల్లులో 1969 లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌పై కర్ణాటక సంగీతమును గమకయుక్తముగా వినిపించి లోకమును మెప్పించెను. అదియు మెట్లుగల పాశ్చాత్య వాద్యమే, విద్యుత్తుతో పలుకునదే. కావున తప్పు మెట్లది కాదు, పాశ్చాత్యత్వానిది కాదు, విద్యుత్తుది కాదు. మెట్టునకును మెట్టునకును నడుమ దారిని మూసివేసిన ఏర్పాటుది.

ఆ దారిని మూయుటలో ఆటోట్యూను అను సాధనము అన్నిటిని మించినది. భూగర్భములో చమురు జాడలను ధ్వని ప్రతిఫలనములద్వారా వెదకు రంగమున పనిచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ 1997 లో దీనిని వెలువరించెను. అందలి యుక్తి మెచ్చదగినది. పాడుచున్న తరంగమును దాని మీదనే కొంచెము కొంచెముగా జరిపి, ఎక్కడ మరల సరిపోవునో చూచినచో ఒక కంపనమునకు పట్టు కాలము తెలియును. దానినుండి స్వరము తెలియును. తరువాత ఆ స్వరమును సమీపపు స్వరస్థానమునకు నెట్టుటయే. ఎంత త్వరగా నెట్టవలెనో నిర్ణయించుటకు ఒక మర కలదు.

తోడి రాగమును ఉదాహరణగా తీసికొందము. షడ్జమము 240 కంపనములనుకొన్నచో సాధారణ గాంధారము సుమారు 285 వద్ద ఉండవలెను. కాని గాయకుడు అక్కడ నిలువడు. అతని గొంతు 254 ప్రాంతపు రిషభమునకును 320 ప్రాంతపు మధ్యమమునకును నడుమ ఊయెలవలె ఊగును. ఆ ఊగుటయే గాంధారము. తోడి గాంధారమును నిలకడగా పట్టి పాడినచో తోడి తోడి కాదు. ఇప్పుడు ఆటోట్యూను మరను గరిష్ఠవేగమునకు తిప్పినచో ఆ ఊగు 254, 269, 285, 302, 320 అను ఐదు మెట్ల నిచ్చెనయగును. రాగమునకు చెందిన స్వరములను మాత్రమే అనుమతించి మరింత జాగ్రత్తపడినచో మూడే మెట్లు మిగులును! జాగ్రత్త పెరిగినకొలది నష్టము పెరుగుట ఈ సాధనపు విశేషము. మరను నెమ్మదిగా ఉంచినచో ఊగు కొంతవరకు నిలుచుననుటయు, 2001 లో వచ్చిన మెలొడైన్ అను సాధనములో ఒక్కొక్క స్వరపు కదలికను చెదరనీయకయే దిద్దవచ్చుననుటయు నిజమే. అందుకు దిద్దువానికి గమకమనగానేమో ముందు తెలిసియుండవలెను. యంత్రము అతనిని ఆ ప్రశ్న అడుగదు.

ఇట్టి వివాదము మనదేశమునకు క్రొత్త కాదు. హార్మోనియము మెట్లు కదలవని, దానిపై గమకము పలుకదని, దాని శ్రుతులు మన శ్రుతులు కావని ఆక్షేపించి 1940 లో ఆకాశవాణి ఆ వాద్యమును నిషేధించినది. 1971 లో గాని ఆ కట్టుబాటు సడలలేదు. ఆక్షేపణలలో భౌతికశాస్త్ర సమ్మతమైనవి ఉన్నవి. ఐనను ఆ ముప్పది సంవత్సరములలో తెలుగు పద్యనాటకము హార్మోనియమును విడువలేదు, హరికథ విడువలేదు, నాటకమునకేమియు చేటు మూడలేదు. కారణము విచారింపదగినది. హార్మోనియము గాయకుని ప్రక్కన కూర్చున్నదే గాని అతని గొంతులో దూరలేదు. నటుడు రాగము తీసి మెట్ల నడుమ ఎంత దూరమైనను పోవచ్చును. వాద్యము అతనికొరకు శ్రుతిపట్టి వేచియుండును. ఆటోట్యూను అట్లు కాదు. అది గొంతునే హార్మోనియముగా మార్చును. పాత వాద్యమును నిషేధించిన మనము క్రొత్తదానిని చర్చయైనను లేక ఇంటిలోనికి తెచ్చుకొంటిమి. నిషేధము అప్పుడును సరియైన మందు కాదు, ఇప్పుడును కాదు. పరీక్ష మాత్రము కావలెను.

హార్మోనియముపై శ్రుతిభేదపు ఆక్షేపణలో ఎంత నిజమున్నదో తరగతి గదిలోనే తేల్చుకొనవచ్చును. 2000 లో మొదటిసారి వెలువడి నేటికిని ఉచితముగా లభించుచున్న ఆడాసిటీ అను సాఫ్ట్‌వేరు ఇందుకు చాలును. అందులో స్వరమును పుట్టించు సదుపాయము కలదు. రంపపు పండ్ల ఆకారపు తరంగమును ఎన్నుకొని, ఒక వరుసలో 240 కంపనములు, రెండవ వరుసలో 300 కంపనములు పుట్టించి, మట్టము తగ్గించి రెండింటిని కలిపి వినిపింపుడు. ఇది 5/4 నిష్పత్తిగల అంతర గాంధారము; ధ్వని నిలకడగా, నూనె పోసినట్లుండును. తరువాత 300 కు బదులు 302.4 పుట్టింపుడు. స్థాయిని పన్నెండు సమభాగములుగా చేసిన కీబోర్డులోని గాంధారమిది. ఇప్పుడు ధ్వని వణకును. 240 యొక్క 5వ అనుస్వరము 1,200; 302.4 యొక్క 4వ అనుస్వరము 1,209.6, ఈ రెంటి నడుమ సెకనుకు సుమారు 10 విస్పందనములు ఏర్పడును. విస్పందనముల పాఠమును శ్రుతిదండములతో మాత్రమే చెప్పు ఉపాధ్యాయునకు ఈ ప్రయోగము మంచి తోడు. తంబురా శ్రుతితో కూర్చుండి కీబోర్డు వాయించువారు నిత్యము వినుచు కూడ గమనింపనిది ఈ వణకునే. పంచమములో భేదము ఇంతకంటె చాల తక్కువ కావున అక్కడ చిక్కు లేదు.

కాలము విషయములోను ఇదే పోకడ. మిడి దస్త్రములో ఏమియు చెప్పనిచో నిమిషమునకు 120 దెబ్బలు, ఆవృత్తమునకు నాలుగు దెబ్బలు అని యంత్రము తనంతట తాను గ్రహించును. ఖండచాపు, మిశ్రచాపు పెట్టుకొనుటకు వీలు కలదు, వెదకినచో. కాని వాయించినదానిని దగ్గరి గడిలోనికి సర్దు మీటను నొక్కినచో ఐదు భాగముల గతిలో వాయించిన మృదంగపు జతి నాలుగు భాగముల గడులలోనికి పోయి కూర్చుండును. అది పొరపాటని తెర ఎక్కడను చెప్పదు.

ఇవన్నియు ఒక పాటను తానే కూర్చి తానే దిద్దుకొనువాని విషయములో అభిరుచికి సంబంధించిన సంగతులు. పాశ్చాత్య గాయకులు కొందరు ఆటోట్యూను విరుపునే ఒక అలంకారముగా వాడుకొనిరి. 1998 లో షేర్ అను గాయని పాటతో అది ప్రసిద్ధికెక్కినది. అందులో తప్పులేదు. ఇతరుల పాటను ముద్రించునపుడు సంగతి వేరు. నేడు పాఠశాల విద్యార్థులు తమ ఊరి వృద్ధులు పాడు దంపుళ్ల పాటలను, బుర్రకథలను, ఒగ్గుకథలను ముద్రింపగలుగుచున్నారు. ఇది ఈ సాధనములవలన కలిగిన గొప్ప మేలు. కాని ముద్రించినదానిని మెరుగుపరచవలెనను ఉత్సాహముతో మొదట రొదను తీసివేయు మీటను నొక్కుదురు. మాటను మాత్రమే మిగుల్చుటకు తయారైన సాధనములు ఎడతెగని శ్రుతిని, తాళపు చప్పుడును రొదగా ఎంచి తీసివేయుట కద్దు. తరువాత శ్రుతి దిద్దుబాటు. అవ్వ పాడిన గాంధారము కీబోర్డు గాంధారమునకు ఒక పిసరు తక్కువగా ఉన్నచో అది ఆమె తప్పో, ఆ పాట పద్ధతియో నిర్ణయించు అధికారము యంత్రమునకు లేదు. దిద్దినపిదప నిర్ణయించుటకు ఎవరికిని ఆధారము మిగులదు.

కావున దిద్దవలసినది ఎప్పుడును రెండవ ప్రతి మాత్రమే. మొదటి ప్రతిని ముద్రించినది ముద్రించినట్లు, ఊరిపేరు, తేది, పాడినవారి అనుమతితో వారి పేరు వ్రాసి, వేరుగా దాచవలెను. ఒక మైక్రోఫోనుతో సెకనుకు 48,000 మచ్చులు, 24 బిట్ల చొప్పున ముద్రించినచో నిమిషమునకు 86 లక్షల 40 వేల బైట్లు. గోటియంత కార్డులో 64 గిగాబైట్లు పట్టుచున్న ఈ దినములలో అట్టి ముద్రణ దానిపై నూరు గంటలకు పైగా ఇముడును. చోటు చాలక మొదటి ప్రతిని చెరిపితిమను మాట చెల్లదు.